వదిలేసిన వాక్యం

గవర్నరుగారికి బిల్లుల్ని చెవితో చదివే అలవాటు. చూపు తగ్గి కాదు, డెబ్బై దాటినా సూదిలో దారం ఎక్కించగలరు ఆవిడ. శాసనసభ నుంచి వచ్చిన ప్రతి బిల్లునూ మొదటి పేజీ నుంచి చివరి చుక్క దాకా ఒకరు పైకి చదవాలి, ఆవిడ కళ్లు మూసుకుని వినాలి, ఆ తర్వాతే కలం మూత తీయాలి. చట్టం కింద బతికేవాళ్లలో ఎక్కువమంది దాన్ని చదవరు, ఎవరో చెబితే వింటారు, కాబట్టి వినడానికి అదెలా ఉంటుందో తనకు తెలియాలని ఆవిడ వాదం. ఇంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు సంతకానికి ముక్కు చీదుకునేంత సేపు కూడా పట్టేది కాదు. అందుకే ఆవిడ వచ్చిన కొత్తల్లో ఆఫీసంతా నోళ్లు వెళ్లబెట్టింది. అమ్మగారికి జోల పాడే వేళైందని గుమాస్తాలు చాటుగా నవ్వుకునేవారు.

ఆ జోల పాడే పని స్టెనోగ్రాఫరుది. గవర్నర్లు చెప్పింది చెప్పినట్టు వంకర గీతల్లో ఎక్కించుకుని, టైపు కొట్టి, తిరిగి చదివి వినిపించడం అతని వృత్తి. ఆ గీతలు చూసి ఆఫీసులో అందరూ అతన్ని గీతలాయన అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క మాట పొల్లు పోనివ్వలేదన్నది అతనికున్న ఒకే ఒక్క గర్వం, దాన్ని కూడా పైకి కనిపించనిచ్చేవాడు కాదు.

ఆ సోమవారం చదవాల్సిన బిల్లు చేతికి రాగానే అతను మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు. అది రేవు బిల్లు.

రెండేళ్ల కిందట ఏట్లో లాంచీ మునిగింది. పోయినవాళ్లలో అతని అక్క కూతురు ఉంది. అక్కకు ఒక్కతే పిల్ల, కాలేజీ నుంచి ఇంటికొస్తూ ఆ లాంచీ ఎక్కింది. లాంచీ నడిపిన సరంగు మాత్రం బతికి ఒడ్డున పడ్డాడు. ఆ రోజు నుంచి అక్కకు ఒకటే మాట: అంతమందిని ముంచినవాడు బతికుండటమేమిటి? పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్ని పోగేసింది. పొద్దున కుట్టుపని చేసుకోవడం, మధ్యాహ్నం నీలం గొడుగు వేసుకుని శాసనసభ గేటు దగ్గర కూర్చోవడం. ఎండనలేదు, వాననలేదు. చివరికి సభ కదిలింది. ప్రయాణికులు చనిపోయి, పడవ నడిపినవాడు బతికితే, వాడిని దోషిగానే భావించాలనీ, యావజ్జీవం జైల్లో పెట్టాలనీ బిల్లు తెచ్చారు. జరిగిపోయినదానికి ఇది వర్తించదని, ఆ సరంగును ఏమీ చేయదని అక్కకు తెలుసు. అయినా ఇంకో తల్లికైనా పనికొస్తుందని ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకుంది. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలవని సభ ఆ రోజు ఒక్క గొంతుతో సరేనంది. ఇక మిగిలింది సంతకం.

"సంతకమైన సంగతి పేపర్లో చూసుకునే ఖర్మ నాకు పట్టనీయకురా. నువ్వే వచ్చి చెప్పు," అని అక్క ఆదివారమే అతని దగ్గర మాట తీసుకుంది. అలాగేనన్నాడు. ఎక్కడ పనిచేస్తున్నాడో, అక్కడి మాట బయటికి పోకూడదన్నదీ మర్చిపోయి అన్నాడు.

అతను చదివాడు. గవర్నరుగారు కళ్లు మూసుకుని, రెండు చేతులూ బల్ల మీద బోర్లించి విన్నారు. పక్కన కార్యదర్శి కలం మూత అప్పటికే తీసి పెట్టుకుని నిలబడ్డాడు. చదవడం అయ్యాక ఆవిడ కళ్లు తెరవలేదు. నాలుగో క్లాజు మళ్లీ చదవమన్నారు. చదివాడు. మళ్లీ చదవమన్నారు.

"ఇందులో నడిపేవాడున్నాడు, ఎక్కినవాళ్లున్నారు," అన్నారు చివరికి. "ఎక్కించినవాడేడి?"

అవన్నీ తర్వాత నియమాల్లో వస్తాయని కార్యదర్శి సర్దిచెప్పాడు. సభ అంతా ఒప్పుకున్న బిల్లని, గేటు దగ్గర తల్లులు కూర్చునున్నారని, ఇప్పుడు దీన్ని ఆపితే జనం మరోలా అనుకుంటారని మర్యాదగా భయపెట్టాడు. ఆవిడ అంతా విని తల ఊపారు. రేపు రేవుకు వెళ్లొద్దామని అన్నారు. కార్యదర్శి కలానికి మూత పెట్టేశాడు. గీతలాయన మాత్రం కాగితాలు సర్దుకుంటూ, రెండేళ్లుగా తను వింటున్న మాటల్లో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా లేదే అని ఆశ్చర్యపోయాడు. అక్క అడగలేదు, పేపర్లు అడగలేదు, తనూ అడగలేదు.

మర్నాడు జెండా తీసేసిన కారులో వెళ్లారు. డ్రైవరు, గవర్నరుగారు, పుస్తకం పట్టుకుని గీతలాయన. రేవుకు చాలా ముందే కారు ఆపించి ఆవిడ నడిచారు. తల మీదుగా శాలువా కప్పుకుని జనంలో నిలబడితే, ఏ చుట్టాలింటికో వెళ్తున్న పెద్దావిడ అనుకుని ఎవరో మూట కాస్త చూస్తుండమని ఆవిడకు అప్పగించి వెళ్లారు. ఆవిడ ఆ మూట పక్కనే కదలకుండా నిలబడి కాపలా కాశారు. డ్రైవరుకు నవ్వాగలేదు.

గీతలాయనకు ఆ మెట్లు దిగడం ప్రమాదం తర్వాత అదే మొదలు. రేకుల షెడ్డు కింద టిక్కెట్ల కిటికీ, కిటికీ పక్కన విజిల్ పట్టుకున్న మనిషి. వాడు రేవును వేలంలో పాడుకున్న పాటదారు జీతగాడు. వాడు ఒకసారి ఊదితే జనం ఎక్కాలి, రెండోసారి ఊదితే లాంచీ కదలాలి. ఈ మధ్యలో సరంగు చేయాల్సింది చక్రం పట్టుకుని ఎదురుచూడటమే. వాడు ఒకసారి ఊదాడు. జనం ఎక్కారు. బెంచీలు నిండాయి. నడవ నిండింది. ఇంజను పక్కన సైకిళ్లు, వాటి మీద బుట్టలు, బుట్టల మీద పిల్లలు. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. వాడు రెండోసారి ఊదలేదు.

గవర్నరుగారు తడి మెట్టు మీద గొంతుక్కూర్చున్నారు. అంత పెద్ద మనిషి అలా కూర్చోవడం చూసి గీతలాయన కంగారుపడి చేయి అందించబోయాడు. ఆవిడ పట్టించుకోలేదు. లాంచీ పక్కచెక్క మీద ఒక తెల్లగీత ఉంది. నీళ్లు ఆ గీతను తాకేదాకా ఎక్కించవచ్చు, తాకితే ఆపాలి. అది అందరికీ తెలిసిందే. గీత నీటికి పైనే ఉంది. ఆవిడ ఇంకా కిందికి వంగి నీళ్లలోకి చూశారు. అక్కడ, జానెడు లోతున, గీకేసిన పాత గీత ఒకటి మసగ్గా కనిపిస్తోంది.

లాంచీ ఆ గట్టుకు వెళ్లి తిరిగొచ్చి, జనం దిగాక ఆవిడ సరంగును పలకరించారు. ఎవరో ఏమిటో చెప్పలేదు. ఈ గీత ఎవరు వేస్తారని అడిగారు.

"పాటదారుగారి మనుషులేనమ్మా. ఏటా రంగు వేసినప్పుడల్లా కాస్త పైకి జరుగుతుంది."

"ఇంతమంది వద్దని నువ్వు అనలేవా?"

"అనొచ్చు. దిగిపొమ్మంటారు. నేను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు, వాడికి ఈ సుడులు తెలియవు." నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కొత్త చట్టం సంగతి విన్నావా అని అడిగితే నవ్వాడు. "విన్నాం. పిల్లలున్నవాళ్లు అప్పుడే వేరే పని చూసుకుంటున్నారమ్మా. లాంచీ మునిగితే దాంతోపాటు మనమూ మునిగిపోతే పీడా పోతుందిరా అని మాలో మాకొక వెటకారం."

ఆవిడ నవ్వలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుందని మాత్రం మెల్లగా అన్నారు.

వెనక్కి తిరుగుతుంటే ఒడ్డున బోర్లించిన పాత పడవకు తారు పూస్తున్న మనిషి గీతలాయన కంటపడ్డాడు. విచారణ జరిగినన్నాళ్లూ చూసిన మొహం, మర్చిపోవడం ఎలా? రెండేళ్ల కిందటి ఆ సరంగే. ఇప్పుడు లాంచీ ఎక్కడం మానేశాడని, పడవల అడుగులకు తారు పూసుకుంటూ బతుకుతున్నాడని విన్నాడు. అతనూ ఇతన్ని గుర్తుపట్టాడు. చేతిలో కుంచెతోనే లేచి నిలబడ్డాడు. తారు చుక్కలు పాదాల మీద పడుతున్నా కదల్లేదు. గీతలాయన మొహం తిప్పుకుని కారు దాకా గబగబా నడిచాడు. కారు కదిలాక వెనక అద్దంలో చూస్తే అతను ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

బుధవారం పొద్దున ఆవిడ కారణాలు చెప్పారు. బిల్లును ఊరికే తిప్పి పంపకూడదు, ఎందుకు పంపుతున్నదీ రాయాలి. పెద్ద పెద్ద మాటలు వాడలేదు. కిటికీ దగ్గర నిలబడి, ఎవరికో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు చెప్పారు.

మొదటిది, ఈ బిల్లు నడిపేవాడిని పట్టుకుని ఎక్కించేవాడిని వదిలేస్తోంది. తెల్లగీతను పైకి జరిపే చెయ్యి ఇందులో ఎక్కడా లేదు. రెండోది, పడవ మునిగేటప్పుడు నడిపేవాడు చేయగలిగిన మంచిపని ఆఖరిదాకా మనుషుల్ని బయటికి లాగడం. అలా లాగి తనూ బతికినవాడు ఈ బిల్లు లెక్కన నేరస్థుడు. రెండేళ్ల కిందటి ప్రమాదంలో సరంగు అయిదుగురిని ఒడ్డుకు చేర్చాడని ఆ అయిదుగురూ విచారణలో చెప్పారు. మూడోది, బతకడమే నేరమైతే పని తెలిసినవాళ్లు రేవు వదిలేసి పోతారు, తెలియనివాళ్లు చక్రం పడతారు, అప్పుడు ఈ బిల్లు ఆపాలనుకున్న చావులే ఎక్కువవుతాయి.

గీతలాయన చెయ్యి అన్నీ రాసుకుంది. సభ సభంతా ఔనన్నదాన్ని, ఊరు ఊరంతా కావాలన్నదాన్ని, ఒక ముసలావిడ ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి కాదంటోంది. ఇందులో ఆవిడకు ఒరిగేదేమీ లేదు, రేపు తిట్లు తప్ప. ఇంత ధైర్యం ఇంత మెల్లని గొంతులో ఉంటుందని అతనికి తెలియదు. కానీ ఈ కబురు అక్కకు చెప్పాల్సినవాడు తను.

టైపు కొట్టి, కాగితం యంత్రంలోంచి లాగాక చూసుకున్నాడు. అయిదుగురి వాక్యం లేదు. వదిలేద్దామని అనుకోలేదు, వేళ్లే దాన్ని దాటేశాయి. ఇంట్లో ఆ మాట ఎవరన్నా ఎత్తబోతే అక్క లేచి వెళ్లిపోతుంది, అందుకని రెండేళ్లుగా ఆ మాట చుట్టూ తిరిగి నడవడం అలవాటైపోయింది. తప్పు కనిపించాక దిద్దాలి. దిద్దలేదు. కాగితం అలాగే తీసుకెళ్లి చదివాడు.

ఆవిడ కళ్లు మూసుకునే విన్నారు. "ఒక వాక్యం పోయింది," అన్నారు.

అతను కాగితం బల్ల మీద పెట్టాడు.

"మీ దగ్గర ఎప్పుడూ ఏదీ పోదు. ఇదెందుకు పోయింది?"

"పోయినవాళ్లలో ఒకమ్మాయి నా మేనకోడలమ్మా. నీలం గొడుగుతో గేటు దగ్గర కూర్చునేది మా అక్క."

ఉద్యోగం అక్కడితో సరనుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు, కోప్పడలేదు. "ఇన్నాళ్లు ఈ గదిలో కూర్చుని నాతో ఒక్క మాట అనలేదు," అన్నారు.

"ఈ గదిలోకి చుట్టాల్ని తీసుకురాకూడదు కదమ్మా."

"నిజమే. అందుకని మనమే వాళ్ల దగ్గరికి వెళ్దాం. ఇది ఎవరికి ఎక్కువ నొప్పో వాళ్లే ముందు వినాలి. ఆవిడ పేపర్లో చూసుకోకూడదు."

అక్క మాటే ఆవిడ నోట వినేసరికి అతనికి కళ్లు చెమర్చాయి. కార్యదర్శి పరుగున వచ్చి ఇలాంటిది ఎన్నడూ జరగలేదని, కూడదని అడ్డుపడ్డాడు. కూడదని ఎక్కడ రాసుందో మీరు వెతుకుతూ ఉండండి, ఈలోగా మేం వెళ్లొస్తాం అని ఆవిడ చెప్పులు వేసుకున్నారు. అయిదుగురి వాక్యాన్ని ఉన్నచోట మళ్లీ టైపు కొట్టించాకే కారెక్కారు.

అక్క ఉండేది ఒక మేడ కింది వాటాలో. ముందుగదిలోనే కుట్టుమిషను, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫాం బట్ట నీలంగా గుట్టలు. గుమ్మంలో తమ్ముణ్ని, వెనకాల గవర్నరుగారిని చూసి అక్క లేచింది. రెండేళ్లలో అతను ఎరగని వెలుగొకటి ఆ మొహంలోకి వచ్చింది. ఉన్న ఒక్క కుర్చీ మీది బట్ట తీసేసి, కొంగుతో తుడిచి వేసింది. "సంతకం అయిపోయిందా?" అని తమ్ముణ్ని అడిగింది. అతను నేల చూపులు చూశాడు.

"అవలేదమ్మా," అన్నారు గవర్నరుగారు. కుర్చీలో కూర్చోలేదు. "నేను పెట్టను. ఎందుకు పెట్టనో మీకు చెప్పాకే ఇంకెవరికైనా చెబుతాను. వింటారా?"

అక్క మొహంలో వెలుగు అలాగే నిలిచి, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు ఉండి, ఆరిపోయింది. అక్క వెళ్లి మిషను ముందు కూర్చుంది. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఆవిడ చదవమన్నట్టు చూశారు. గీతలాయన చదివాడు. తెల్లగీత గురించి చదివినప్పుడు అక్క తల కొద్దిగా పైకెత్తింది. పాత గీత నీళ్లలో ఉండటమేమిటని అడిగింది. గవర్నరుగారు తను చూసింది చేత్తో కొలిచి చూపించారు, జానెడు. అక్క ఆ జానెడు ఖాళీ వంక చాలాసేపు చూసింది. అతను రెండో కారణంలోకి వచ్చాడు. ఆ వాక్యం దగ్గరకు వచ్చాడు. "రెండేళ్ల కిందటి ప్రమాదంలో సరంగు..." అని ఆగిపోయాడు.

"అయిదుగురిని," అంది అక్క. "చదవరా. ఎందుకాగావు?"

అతను బిత్తరపోయి చూశాడు.

"నాకు తెలియదనుకున్నావా? నెల తిరక్కముందే వాడు ఈ గుమ్మంలోకి వచ్చాడు. తలుపేసేశాను. తలుపవతల నిలబడే చెప్పాడు. అయిదుగురిని తీశానమ్మా, ఆరోసారీ దూకాను, మీ పిల్ల జడ చేతికి తగిలింది, పట్టు దొరకలేదు అని." చొక్కా చేతిని మడిచింది, విప్పింది. "నేను తలుపు తీయలేదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకక్కా..."

"నా కోపానికి ఒక మనిషి కావాలి కదరా. ఆ పాటదారెవడో, నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా నాకు తెలియదు. వీడైతే నా గుమ్మంలోకి వచ్చాడు."

గీతలాయన తనొక్కడే అక్కను కాపాడుకుంటూ వస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. తను మోయలేక దాచిన మాటను అక్క మోసుకుని రోజూ గేటు దాకా నడిచి వెళ్లి వచ్చిందని అతనికి ఇప్పుడు తెలిసింది. మిగతా కారణం ఎలా చదివాడో అతనికి గుర్తులేదు.

చదవడం అయ్యాక అక్క గవర్నరుగారి వైపు తిరిగింది. "మీరు చెప్పినవన్నీ నిజాలే. కాదనను. కానీ మీరు దీన్ని తిప్పి పంపితే వాళ్లు అటకెక్కిస్తారు. నేను మళ్లీ గొడుగేసుకుని కూర్చోవాలి. అవునా?"

"అవును," అన్నారు ఆవిడ. "చట్టం రాసే అధికారం నాకు లేదమ్మా. వద్దనడం వరకే నా చేతిలో ఉంది."

"అయితే నేను ఒప్పుకోలేదని అందులో రాయండి."

ఆవిడ అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. "చెప్పండి. ఆయన రాసుకుంటారు."

అతను పుస్తకం తెరిచాడు. కత్తిరించిన బట్ట ముక్కల మధ్య మిషను బల్ల చివర ఆనించుకున్నాడు. ఎందరో పెద్దవాళ్ల మాటలు ఆ గీతల్లో ఎక్కాయిగాని ఇంట్లోవాళ్లవి ఎప్పుడూ ఎక్కలేదు. అక్క గబగబా చెప్పలేదు, ఒక్కో మాటా గుడ్డ కత్తిరించినట్టు చూసి చూసి చెప్పింది. ఈ బిల్లు కోసం రెండేళ్లు కూర్చున్నదాన్ని నేను. దీన్ని తిప్పి పంపడం నాకిష్టం లేదు. కానీ గీతను పైకి జరిపినవాడి ఊసు లేకుండా మళ్లీ ఇదే బిల్లు తెస్తే, గవర్నరుగారి దాకా రానివ్వను, గేటు దగ్గరే అడ్డం పడుకుంటాను. ఆ గీత ఎక్కడుండాలో అక్కడికి దించండి. దించనివాడిని పట్టుకోండి. అప్పుడు సంతకం అడుగుతాను.

గీతలాయన రాతలో ఒక్క మాట పోలేదు. ఎప్పుడూ తనకన్నా చిన్న గొంతుతో మాట్లాడే అక్కేనా ఈవిడ అనుకున్నాడు. నిన్న రేవులో తడి మెట్టు మీద గొంతుక్కూర్చున్నావిడా, ఇవాళ కుట్టుమిషను ముందు కూర్చున్నావిడా ఒకే ఎత్తులో కనిపించారు అతనికి.

"నావి మూడు కారణాలు," అన్నారు గవర్నరుగారు. "నాలుగోది ఇది. మీరన్నది అన్నట్టే పంపుతాను. ఆయన తిరిగి చదువుతారు, తప్పుంటే చెప్పండి."

అతను చదివాడు. అక్క కళ్లు మూసుకుని వింది. అలా వినమని అక్కకు ఎవరూ చెప్పలేదు. చివరి మాట అయ్యాక కూడా కళ్లు తెరవలేదు.

"ఒక వాక్యం పోయింది," అంది.

గీతలాయన ఉలిక్కిపడి పుస్తకంలోకి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. అక్క చెప్పిందంతా ఉంది.

"పోలేదక్కా. అంతా రాశాను."

"నేను చెప్పలేదులే. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకో." చేతిలోని నీలం బట్టను మెల్లగా ఒళ్లో పెట్టుకుంది. "ఆరోసారి అతను నా బిడ్డ కోసం దూకాడు."

అతను రాశాడు.